మా ఊసరవెల్లి 5 రోజులుగా తినట్లేదు, పట్టపగలే కళ్లు మూస్తోంది. ఎవరైనా చెప్పండి ప్లీజ్

ఫ్రిస్కో_నాన్న | మంగళవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ కుక్కలు, చేపల వాళ్లే ఎక్కువని తెలుసు. అయినా తెలుగులో చెప్పుకుంటే తప్ప నా టెన్షన్ తగ్గేలా లేదు.

మేం టెక్సాస్‌లో డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి పోరు పడలేక నిరుడు ఒక రెప్టైల్ ఎక్స్‌పోలో వెయిల్డ్ కమీలియన్ పిల్లను కొన్నాం. యెమెన్, సౌదీ వైపు జాతి, తల మీద కిరీటంలాగా ఎత్తుగా ఉంటుంది. మగదని చెప్పి ఇచ్చారు. పేరు బుజ్జిబాబు. ఇప్పుడు 14 నెలలు.

పోయిన వారమంతా కేజ్‌లో అటూ ఇటూ ఒకటే తిరుగుడు. హుషారుగా ఉన్నాడనుకుని మురిసిపోయాం. కింద మొక్క కుండీలో మట్టి కూడా గీకాడు. తర్వాత తిండి మానేశాడు. ఇది వరకు రోజుకు డజను క్రికెట్లు (కీచురాళ్ల లాంటి పురుగులు) లాగించేవాడు, ఇప్పుడు ముక్కు ముందు పెట్టినా చూడట్లేదు. ఈ రోజు మధ్యాహ్నం 2 గంటలకు కేజ్ అడుగున కూర్చుని కళ్లు మూసుకుని ఉన్నాడు. రంగు కూడా ముదురుగా, మురికి పచ్చగా మారింది. పెంట వేసి నాలుగు రోజులైంది, అందులో తెల్లగా ఉండాల్సిన భాగం నారింజ రంగులో వచ్చింది.

మెష్ కేజ్, 2 అడుగులు × 2 × 4. ఎండ తగలాలని కిటికీ పక్కనే పెట్టాం. వేడి బల్బు ఒకటి, కిట్‌తో వచ్చిన యూవీబీ (ఎండలో ఉండే, కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు) బల్బు ఒకటి ఉన్నాయి. కాల్షియం పొడి గుర్తొచ్చినప్పుడు చల్లుతాం.

మా ఆవిడ "మనుషులకే అపాయింట్‌మెంట్ దొరకట్లేదు, దీనికెక్కడ దొరుకుతుంది" అంటోంది. రెండు రోజులు చూడమంటారా?

---

బల్లులంటే_హడల్ | మంగళవారం, రాత్రి 9:20

తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని విన్నాను. ఊసరవెల్లి ముదిరితే క్రెడిట్ కార్డు బిల్లు అవుతుందన్నమాట.

(క్షమించండి. తగ్గిపోవాలని కోరుకుంటున్నాను. ఫోటో మాత్రం పెట్టకండి.)

---

ఆకుచాటు | మంగళవారం, రాత్రి 9:31

రెండు రోజులు చూడొద్దు. ఒక్క రోజు కూడా వద్దు.

న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. తొమ్మిదేళ్లుగా వీటిని పెంచుతున్నాను. ఊసరవెల్లి తన జబ్బును వీలైనంత కాలం దాస్తుంది. కొమ్మ మీద నీరసంగా కనబడితే పక్షికి దొరికిపోయినట్టే, అందుకని ఆఖరిదాకా ఏమీ లేనట్టే కూర్చుంటుంది. మనకు తెలిసే సమయానికి దాని ఓపిక అయిపోయిందని అర్థం. లైట్లు ఉన్నంతసేపూ రెండు కళ్లూ తెరిచి తిప్పుతూ ఉండాలి. పగలు కళ్లు మూసుకోవడం వీటికి నిద్ర కాదు. నేను జ్వరం కింద లెక్కేసుకుంటాను.

నాలుగు సంగతులు త్వరగా చెప్పండి. వెనక కాళ్ల మడమల దగ్గర చిన్న బొడిపె లాంటిది ఉందా? పొట్ట పక్కల నుంచి చూస్తే ఎగుడుదిగుడుగా ఉందా? యూవీబీ బల్బు ఏ రకం, ఎన్ని నెలలైంది? వేడి బల్బు కింద కొమ్మ మీద ఉష్ణోగ్రత ఎంత, దాన్ని దేంతో కొలిచారు?

---

గోదారిగట్టు | మంగళవారం, రాత్రి 9:44

అన్నా, నాకు వీటి గురించి తెలీదు కానీ మా ఇంట్లో కోడిపిల్లలు డీలా పడితే గుడ్డు పచ్చసొనలో కాస్త తేనె కలిపి సిరంజితో పోసేవాళ్లం. లేచి కూర్చునేవి. ప్రయత్నించి చూడు.

---

ఆకుచాటు | మంగళవారం, రాత్రి 9:47

దయచేసి వద్దు. దీనికి గాలి వెళ్లే రంధ్రం నోట్లోనే, నాలుక వెనకాలే ఉంటుంది. బలవంతంగా నోరు తెరిచి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పెంటలో ఆ నారింజ రంగు చూస్తే ఒంట్లో నీళ్లు తగ్గినట్టుంది, అలాంటప్పుడు తిండి అసలే అరగదు. ముందు నీళ్లు, తర్వాత వేడి, తిండి సంగతి ఆ తర్వాత. నీళ్లు కూడా తనంతట తాను ఆకుల మీంచి తాగాలి, మనం పోయకూడదు.

గోదారిగట్టు గారూ, మీ మంచి మనసు తెలుస్తోంది. కోపం తెచ్చుకోకండి.

---

గోదారిగట్టు | మంగళవారం, రాత్రి 9:50

కోపమేం లేదు. ఇది కోడిపిల్ల కాదని ఒప్పుకుంటున్నాను.

---

ఫ్రిస్కో_నాన్న | మంగళవారం, రాత్రి 10:05

టార్చ్ వేసి చూశాం. మడమల దగ్గర ఏమీ లేదు, నున్నగా ఉంది. పొట్ట పక్కల గోళీలు నింపిన సంచీలా ఉంది. లావెక్కాడనుకున్నాం.

యూవీబీది మెలికల బల్బు, 14 నెలలది, ఇంకా బాగానే వెలుగుతోంది. కొమ్మ దగ్గర 95 ఫారెన్‌హీట్ చూపిస్తోంది, కేజ్‌కి అతికించే గుండ్రటి మీటరుతో కొలిచాం. ఇంకోటి, ఇప్పుడే చూశాం. కొమ్మను పట్టుకున్నప్పుడు ముందుకాళ్ల వేళ్లు సన్నగా వణుకుతున్నాయి.

---

ఆకుచాటు | మంగళవారం, రాత్రి 10:18

బుజ్జిబాబు బాబు కాదు. వెయిల్డ్ మగపిల్లలకు గుడ్డులోంచి వచ్చిన రోజు నుంచే మడమ దగ్గర ఆ బొడిపె ఉంటుంది. లేదంటే ఆడపిల్ల. ఆ సంచీలో ఉన్నవి గుడ్లు.

"మగదే లేదు, గుడ్లెక్కడివి" అంటారేమో. కోడిపెట్ట పుంజు లేకుండా పెట్టదా? అలాగే. ఈ జాతి ఆడది మగదాన్ని కలవకపోయినా గుడ్లు పెడుతుంది, కాకపోతే వాటిలోంచి పిల్లలు రావు. ఎంత ఎక్కువ మేపితే, ఎంత వేడిగా ఉంచితే అన్ని ఎక్కువ గుడ్లు. రోజుకు డజను క్రికెట్లు, 95 డిగ్రీలు అన్నారు కదా, ఆ పొట్టలో 40 దాకా ఉన్నా ఆశ్చర్యపోను.

పోయిన వారం తిరిగిన తిరుగుడు హుషారు కాదు, గుడ్లు పెట్టే చోటు కోసం వెతుకులాట. కుండీలో గీకడం కూడా అందుకే. అక్కడ లోతు చాల్లేదు, ఊరుకుంది. ఇప్పుడు గుడ్లు లోపలే ఉండిపోయాయి. అడుగున కూర్చోవడం, కళ్లు మూయడం, ముదురు రంగు, వేళ్ల వణుకు, అన్నీ కలిపితే నాకు భయమేస్తోంది.

ఈ రాత్రికి చేయాల్సింది ఇది. ఒక లోతైన ప్లాస్టిక్ డబ్బా, అడుగు లోతుకు తక్కువ కాకుండా, కడిగిన ప్లే సాండ్‌తో (పిల్లలు ఆడుకునే ఇసుక) నింపండి. వేలు గుచ్చి తీస్తే కన్నం కూలిపోకుండా నిలబడేంత తడి చాలు. కేజ్ అడుగున పెట్టి చుట్టూ దుప్పటి కప్పండి. ఎవరూ తొంగి చూడకూడదు, ముఖ్యంగా మీ అమ్మాయి. మనిషి కన్ను పడితే సగం తవ్విన గొయ్యి కూడా వదిలేసి వస్తాయి ఇవి. లైట్లు ఆర్పి చీకటి చేయండి. పొద్దున లైటు వేయగానే ఆకుల మీద గోరువెచ్చటి నీళ్లు రెండు నిమిషాలు పొగమంచులా కొట్టండి. ఇంటి వైద్యం అంతవరకే. ఉదయం డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

---

మూగజీవి | మంగళవారం, రాత్రి 11:02

ఒహాయోలో పశువైద్యురాలిని. నా దగ్గరికి వచ్చేవన్నీ కుక్కలూ పిల్లులే, అందుకని మందుల మోతాదులు చెప్పను. ఆకుచాటు గారు చెప్పినదాంట్లో నాకు తేడా ఏమీ కనబడలేదు. వేళ్ల వణుకు గురించి మాత్రం కాస్త చెప్పాలి.

కండరం బిగుసుకోవాలంటే కాల్షియం కావాలి. గుడ్డును బయటికి నెట్టేదీ కండరమే. తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే డీ3 విటమిన్ ఉండాలి, ఆ డీ3 చర్మంలో తయారవ్వాలంటే యూవీబీ కాంతి తగలాలి. మీరు కిటికీ పక్కన పెట్టామన్నారు. మామూలు అద్దం వెలుతురునీ వేడినీ రానిస్తుంది కానీ యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. బల్బు వెలుగుతోందంటే యూవీబీ వస్తోందని కాదు. కంటికి కనిపించే వెలుగు అలాగే ఉండి, కనిపించనిది నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. అంటే ఈ పిల్ల ఏడాదిగా తన ఎముకల్లోంచి కాల్షియం అప్పు తెచ్చుకుని బతుకుతోంది. ఇప్పుడు గుడ్ల పెంకులకూ అందులోంచే ఇవ్వాల్సి వచ్చింది. రక్తంలో కాల్షియం పడిపోతే ముందు వేళ్లు వణుకుతాయి, తర్వాత మూర్ఛలు రావచ్చు.

పొట్ట నొక్కి చూడకండి. లోపల గుడ్డు పగిలితే కథ వేరే. నీళ్ల టబ్‌లో కూర్చోబెట్టకండి, తాబేలు కాదు. కుక్కల డాక్టరు "చూస్తాలే" అన్నా సరే, సరీసృపాలు చూసే వాళ్ల దగ్గరికే వెళ్లండి. ఏఆర్‌ఏవీ అని సరీసృపాలు, ఉభయచరాల వైద్యుల సంఘం ఉంది, వాళ్ల సైట్‌లో ఊరి పేరు కొడితే జాబితా వస్తుంది. బుట్టలో మెత్తటి గుడ్డ, ఒక కర్ర పెట్టి, పైన బట్ట కప్పి తీసుకెళ్లండి. చీకట్లో ఉంటే బెదరదు. కారులో ఏసీ మీదకు కొట్టకుండా చూసుకోండి. కొత్త పెంట వేస్తే జిప్‌లాక్ కవర్లో పెట్టుకెళ్లండి, పురుగుల పరీక్షకు పనికొస్తుంది.

---

ఫ్రిస్కో_నాన్న | బుధవారం, ఉదయం 8:26

రాత్రి పదకొండున్నరకు ఇసుక కోసం బయల్దేరిన మొదటి తెలుగువాణ్ణి నేనేనేమో. దొరికింది. పెట్టాం. పొద్దున చూస్తే ముట్టుకోలేదు. నీళ్లు కొడితే కొంచెం తాగింది.

మొదట ఫోన్ చేసిన చోట "మేం బల్లుల్ని చూడం" అన్నారు. రెండో చోట వచ్చే మంగళవారం అన్నారు. మూగజీవి గారు చెప్పిన జాబితాలో మూడో ఆవిడ "వేళ్లు వణుకుతున్నాయా? అయితే 10 గంటలకు తెచ్చేయండి" అన్నారు. ఆ ఒక్క ముక్క చెప్పమని నేర్పినందుకు థాంక్స్. ఆఫీసుకు సెలవు పెట్టాను. కారణం "ఇంట్లో డెలివరీ" అని రాశాను, అబద్ధం కాదు.

---

కరీంనగర్_కుర్రోడు | బుధవారం, ఉదయం 9:10

అన్నా, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకు. మా మామిడితోటలో పొద్దున ఒక ఊసరవెల్లి నేల మీద మెల్లగా నడుస్తూ కనిపించింది. పొట్ట లావుగా ఉంది. దానికి కూడా బాగోలేదేమోనని అట్టపెట్టెలో పెట్టిన. ఇంట్లో పెంచుకుని బాగు చేద్దామనుకుంటున్న. ఏం పెట్టాలె?

---

ఆకుచాటు | బుధవారం, ఉదయం 9:34

తమ్ముడూ, ఎక్కడ దొరికిందో అక్కడే, ఇప్పుడే వదిలెయ్. మన దేశపు ఊసరవెల్లి 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం, బాగు చేద్దామని పెట్టుకున్నా సరే.

పైగా అది జబ్బు కాకపోవచ్చు. చెట్టు దిగని జీవి పొట్టేసుకుని నేల మీద నడుస్తోందంటే చాలాసార్లు గుడ్లు పెట్టడానికే. మట్టిలో గొయ్యి తవ్వి, పెట్టి, పూడ్చి వెళ్లిపోతుంది. దారి మీద ఉంటే కర్ర అందించి ఎక్కించుకుని, అది పోతున్న వైపే దించు. ఒంటి మీద గాయం ఉంటేనో, కళ్లు లోపలికి పీక్కుపోయి కదలకుండా ఉంటేనో అటవీశాఖ వాళ్లకు ఫోన్ చెయ్. వాళ్లొచ్చేదాకా పెట్టెకు కన్నాలు పెట్టి నీడన ఉంచు, ఏమీ తినిపించకు.

---

కరీంనగర్_కుర్రోడు | బుధవారం, ఉదయం 10:02

వదిలేసిన. కంచె పక్కన మెత్తటి మన్ను ఉన్నకాడికి పోయింది. మా నాయనమ్మ మాత్రం ఇంట్లోకి తెచ్చినందుకు నన్ను స్నానం చేసి రమ్మంటోంది.

---

ఫ్రిస్కో_నాన్న | బుధవారం, సాయంత్రం 5:48

ఇంటికొచ్చాం. ఎక్స్‌రే తీశారు. స్క్రీన్ మీద మినప్పప్పు పోసినట్టు గుడ్లు. డాక్టరు గారు 30కి పైగా లెక్కపెట్టి ఆపేశారు. గుడ్ల కన్నా నన్ను కుంగదీసింది ఎముకలు. ఎక్స్‌రేలో తెల్లగా మెరవాల్సినవి పొగలా కనిపించాయి. కింది దవడ కొంచెం మెత్తబడిందట. మోచేతులు వంకర తిరగడం మొదలైందని చూపిస్తే కనిపించింది. రోజూ చూస్తున్న నాకు ఏడాదిగా కనిపించలేదు.

కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చారు, చర్మం కింద నీళ్లు ఎక్కించారు. గుడ్లు సైజు, ఆకారం మామూలుగానే ఉన్నాయి, దారికి అడ్డం ఏమీ లేదు కాబట్టి కాల్షియం పడ్డాక తనంతట తనే పెట్టే అవకాశం ఉందన్నారు. నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ మందు తాబేళ్లలో పనిచేసినంత నమ్మకంగా వీటిలో పనిచేయదట, అందుకని ముందే ఇవ్వలేదు. 48 గంటలు ఇసుక డబ్బాతో చీకట్లో ఒంటరిగా వదిలేయమన్నారు. పెట్టకపోతే ఆపరేషన్. మధ్యలో కళ్లు తెరవకపోయినా, కొమ్మ పట్టు వదిలేసినా ఆగకుండా తెచ్చేయమన్నారు.

మా ఆవిడ ఒక్క మాట అంది. "నాకూ రెండోసారి కాన్పులో ఇలాగే కాల్షియం తక్కువని చెప్పారు." తర్వాత తనే వెళ్లి కేజ్‌కి రెండో దుప్పటి కప్పింది.

---

మునగచెట్టు | బుధవారం, రాత్రి 10:15

చదువుతూనే ఉన్నాను, రాయాలా వద్దా అని ఆగాను. మాది పాంథర్ కమీలియన్ అనే ఊసరవెల్లి జాతి, మడగాస్కర్‌ది. రెండేళ్ల క్రితం పోయింది.

నోరు కాస్త తెరిచి కూర్చునేది. బల్బు కింద వేడెక్కితే అలా తెరుస్తాయని చదివాం, నిజమే. కానీ ఇది పొద్దున్నే, బల్బు వేయకముందు, చల్లగా ఉన్నప్పుడు కూడా తెరిచేది. తల పైకెత్తి పట్టుకునేది. దగ్గరగా వెళ్తే ఊపిరి తీసినప్పుడు చిటుక్కుమని చప్పుడొచ్చేది. నోటి అంచున జిగురు చూసి తాగిన నీళ్లనుకున్నాం. రాత్రిళ్లు కూడా కేజ్ తడిపేవాళ్లం, ఆ గదిలో గాలి ఆడదు. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్. శుక్రవారం అనుమానం వచ్చింది, సోమవారం చూపిద్దామనుకున్నాం.

మీరు బుధవారమే వెళ్లారు.

---

ఆకుచాటు | బుధవారం, రాత్రి 10:40

మునగచెట్టు గారూ, రాసినందుకు చాలా థాంక్స్. ఆ చిటుకు చప్పుడు సంగతి చాలామందికి తెలీదు.

---

ఫ్రిస్కో_నాన్న | శుక్రవారం, ఉదయం 6:55

రాత్రంతా ఇసుక గీకిన చప్పుడు. నేనూ మా అమ్మాయీ హాల్లో నేల మీద పడుకుని విన్నాం, ఎవరం లేవలేదు. పొద్దున చూస్తే ఇసుక పైన పూడ్చి, కాళ్లతో చదును చేసి, పై కొమ్మ మీద కూర్చుంది. ఒళ్లంతా ఇసుక. తోక మొదట్లో బొమికలు కనబడేంత చిక్కిపోయింది. కళ్లు తెరిచి ఉంది. రెండు కళ్లూ!

తవ్వి లెక్కపెట్టాం, 37. మా అమ్మాయి ఫ్రెండ్స్ గ్రూపులో "నాకు 37 మంది మనవలు" అని పెట్టింది.

---

బల్లులంటే_హడల్ | శుక్రవారం, ఉదయం 7:03

నేను బల్లి కోసం కళ్లనీళ్లు పెట్టుకున్నానని మా ఇంట్లో ఎవరికీ చెప్పకండి.

---

మూగజీవి | శుక్రవారం, ఉదయం 7:40

శుభవార్త! అయినా ఎక్స్‌రే మళ్లీ తీయించండి, ఒకటి రెండు లోపల మిగిలిపోతే అది వేరే తంటా. ఆ గుడ్లలోంచి పిల్లలు రావు, బయట పారేయండి. ఇవాళ ఆకుల మీద నీళ్లు బాగా కొట్టండి. తిండి తను అడిగితే పెట్టండి, గుడ్లు పెట్టాక కొన్ని రోజులు కొంచెం ఎక్కువే ఇవ్వొచ్చు.

---

ఫ్రిస్కో_నాన్న | శుక్రవారం, మధ్యాహ్నం 1:15

ఇక ముందు ఏం మార్చాలో ఒక్కసారి చెప్పండి. ఇంకోసారి ఇది పడలేను.

---

ఆకుచాటు | శుక్రవారం, మధ్యాహ్నం 2:30

ఆ మెలికల బల్బు తీసేయండి. పొడవాటి టీ5 (సన్నటి ట్యూబ్‌లైటు లాంటిది) యూవీబీ ట్యూబు, దాని మీద యూవీబీ 5.0 లేదా 6 శాతం అని ఉండే రకం, కేజ్ పైన పెట్టండి. కొమ్మ మీద కూర్చున్నప్పుడు వీపుకూ ట్యూబుకూ మధ్య 8, 9 అంగుళాలు ఉండాలి. పై జాలీ కూడా యూవీబీని కొంత ఆపుతుంది. ఏడాదికోసారి మార్చండి, ట్యూబు మీద తేదీ మార్కర్‌తో రాసిపెట్టుకోండి.

వేడి 95 కాదు, ఆడదానికి 80 నుంచి 85 చాలు. ఆ అతికించే మీటరు చెత్తబుట్టలో వేసి, తీగ చివర సెన్సరు ఉండే డిజిటల్‌ది కొనండి. తిండి మాత్రం మీకు కష్టమనిపిస్తుంది. ఈ కోలుకునే దశ దాటాక రోజు విడిచి రోజు మూడు నాలుగు పురుగులే. దీనంగా చూస్తుంది, చూడనివ్వండి. ఎక్కువ పెడితే మళ్లీ 37. ఇసుక డబ్బా ఇక తీయకండి.

పొడి విషయానికొస్తే, డీ3 లేని మామూలు కాల్షియం దాదాపు ప్రతిసారీ పలచగా, డీ3 ఉన్నది నెలకు రెండుసార్లు, మల్టీవిటమిన్ నెలకు రెండుసార్లు. నేను పాటించేది ఇది.

---

మూగజీవి | శుక్రవారం, మధ్యాహ్నం 3:05

ఆ చివరి పేరా ఆరోగ్యంగా ఉన్నవాటికి. ఎముకలు దెబ్బతిన్నదానికి మీ డాక్టరు చెప్పిన ద్రవరూప కాల్షియం, ఆవిడ చెప్పినన్ని రోజులే. త్వరగా బాగవుతుందని డీ3 ఎక్కువ వేస్తే అదీ విషమే, మూత్రపిండాల మీద పడుతుంది.

---

ఆకుచాటు | శుక్రవారం, మధ్యాహ్నం 3:09

ఒప్పుకుంటాను. ఆవిడ మాటే వినండి.

---

ఫ్రిస్కో_నాన్న | ఆరు వారాల తర్వాత, ఆదివారం

అడుగుతున్న వాళ్ల కోసం. రెండో ఎక్స్‌రేలో గుడ్లు లేవు. బరువు కొంచెం పెరిగింది, వంటింటి తూకం మీద ప్రతి ఆదివారం తూచి ఫ్రిజ్ మీద కాగితంలో రాస్తున్నాం (తూకం ఇప్పుడు దానిదే, మాకు కొత్తది కొన్నాం). పెంటలో తెల్లది తెల్లగానే ఉంది. మా ఇంట్లో కాఫీకి ముందు చెప్పుకునే మొదటి వార్త అదే. వేళ్ల వణుకు రెండో వారంలో పోయింది. మోచేతుల వంకర అలాగే ఉండిపోతుందన్నారు.

నాలుక మాత్రం సరిగ్గా రావట్లేదు. ఎముకలు, కండరాలు నీరసపడితే ముందు పోయేది ఆ విసురేనట. పట్టకారుతో మూతి దగ్గర పెడితే నోటితో అందుకుంటోంది, అంతే. బుజ్జిబాబు అని పిలవడం మాకు పోలేదు. డాక్టరు దగ్గర కాగితాల్లో మాత్రం బుజ్జమ్మ.

నిన్న సాయంత్రం పట్టకారు దాకా ఆగకుండా, మూడంగుళాల దూరం నుంచి తనే నాలుక విసిరింది. గురి తప్పింది, ఆకుకు తగిలింది. మా అమ్మాయి వీడియో తీసింది, రాత్రికి పెడతాను. హడల్ గారూ, మీరు చూడొద్దు.